సొంతంగా కారు కట్టేటప్పుడు కటింగ్ వీల్స్, గ్యాసు, థిన్నర్ ఖర్చును ముందుగా లెక్క వేయడం ఎలా?

కొత్త_చాసిస్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఊరి శివారులోని మా రేకుల షెడ్డులో, పాత మారుతి ఓమ్ని నుంచి తీసిన ఇంజను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు పెట్టి, లోటస్ సెవెన్ తరహాలో రెండు సీట్ల చిన్న కారు కడుతున్నాను. 1957లో వచ్చిన ఆ కారును ఇంగ్లండులో విడిభాగాలుగా కొనుక్కుంటే పూర్తి కారు మీద పడే పన్ను తప్పేది కాబట్టి చాలామంది ఇంట్లోనే బిగించుకునేవారు. మనకు అటువంటి కిట్ దొరకదు కనుక 25 మిల్లీమీటర్ల చదరపు ట్యూబుతో చాసిస్ (కారు చట్రం) నేనే వెల్డింగ్ చేసుకుంటున్నాను. రోడ్డెక్కించే ఉద్దేశం లేదు, మా తోట బాటలో తిరిగితే చాలు.

ఇంజను, ఇరుసు, ట్యూబు, చక్రాలు, సీట్లు అన్నీ కలిపి 1,40,000 రూపాయలవుతుందని మొదట్లో రాసుకున్నాను, ఆ అంకె పెద్దగా తప్పలేదు. అయితే సంక్రాంతికి షెడ్డు సర్దుతూ, గోడ మేకుకు గుచ్చిన దుకాణం చీటీలన్నీ తీసి కూడితే మరో 33,700 రూపాయలు తేలింది. ఒకటి రెండు తప్ప వెయ్యి దాటిన చీటీ లేదు. కటింగ్ వీల్స్, అతుకులు అరగదీసే ఫ్లాప్ డిస్కులు, వెల్డింగ్‌లో కరిగి అతుకయ్యే మిగ్ వైరు, గ్యాసు, డ్రిల్ బిట్లు, థిన్నర్, ఎమరీ పేపర్, వేస్ట్ కాటన్, చేతి తొడుగులు, మళ్ళీ కటింగ్ వీల్స్. రంగు పని ఇంకా మొదలే కాలేదు. ఈ ఖర్చును అనుభవజ్ఞులు ముందుగా ఎలా అంచనా వేస్తారు? విడిభాగాల ధరలో ఇంత శాతమని పక్కన పెట్టుకుంటే సరిపోతుందా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

నమస్కారమండి. నేను రెండు పాత జీపులకు బాడీ, చాసిస్ పని చేసుకున్నవాణ్ణి. నా మటుకు శాతం లెక్క పనికిరాదు. ఇంజను ఇరవై వేలకు దొరికినా నలభై వేలకు దొరికినా ట్యూబు కోతలు అన్నే ఉంటాయి, అరిగే వీల్స్ కూడా అన్నే. కాబట్టి జాయింట్లు లెక్కపెట్టండి. ఒక జాయింటుకు కోత, మూల సరిచేయడం, టాకా (ముందుగా పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డింగ్), వెల్డింగ్ అన్నీ చేసి ఎంత సరుకు పోయిందో చూసుకుంటే మిగతాది గుణకారమే.

గ్యాసు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. కిలో కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తే సుమారు 540 లీటర్ల గ్యాసవుతుంది. నిమిషానికి 12 లీటర్ల చొప్పున వదిలితే ఒక కిలోకు 45 నిమిషాల ఆర్క్ (వెల్డింగ్ మంట వెలిగే సమయం) రావాలి, చిన్న చాసిస్‌కు అది తక్కువేమీ కాదు. అయినా నా మొదటి సిలిండరు వారం తిరగకుండానే ఖాళీ అయింది. ఉక్క భరించలేక ఫ్యాను వేసుకుని వెల్డింగ్ చేస్తున్నాను; అతుకుకు గాలి తగలకుండా కప్పాల్సిన గ్యాసు ఆ ఫ్యాను గాలికి చెదిరిపోయి, అతుకంతా చీమలు తొలిచినట్టు చిల్లులు పడుతుంటే, కారణం తెలుసుకోకుండా ప్రవాహాన్ని 20 లీటర్లకు పెంచాను. ఆ చిల్లుల అతుకులన్నీ మళ్ళీ గ్రైండ్ చేసి మళ్ళీ నింపాను, అంటే గ్యాసుతోపాటు వైరూ డిస్కులూ రెండింతలు. రెగ్యులేటరు దగ్గర సబ్బునీళ్ళు రాస్తే అక్కడా బుడగలు వచ్చాయి. అనుకోని ఖర్చులో సగం ఇలా చేసిన పనే మళ్ళీ చేయడం వల్ల వచ్చేదని నా అభిప్రాయం.

కటింగ్ వీల్ మధ్యలో ఉండే లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది. సగం ధరకు వస్తున్నాయని ఒక దుకాణంలో పాత సరుకు పెట్టెడు కొన్నాను. ఒకటి తిరుగుతూనే ముక్కలై, ముఖానికి షీల్డు ఉండబట్టి బతికిపోయాను. ఆ పెట్టెలో మిగిలినవన్నీ పారేశాను కనుక చౌక కూడా కాలేదు. ఇంకొక మాట: చాసిస్ అతుకులను నున్నగా అరగదీస్తున్నారా?

కొత్త_చాసిస్ (విజయనగరం)

అరగదీస్తున్నానండి, చూడటానికి బాగుంటుందని. ఫ్లాప్ డిస్కులు ఎక్కువగా అక్కడే పోయాయి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అయితే ఈ రోజు నుంచి మానేయండి. పైన ప్లేటు కూర్చోవలసిన చోట తప్ప అతుకును చదును చేయనక్కరలేదు. 1.6 మిల్లీమీటర్ల గోడ ఉన్న ట్యూబును అరగదీస్తే అతుకుతోపాటు ట్యూబు కూడా పలచబడుతుంది. డబ్బు పెట్టి బలం తగ్గించుకున్నట్టవుతుంది.

పాత_పెయింటర్ (బొబ్బిలి)

రంగు మొదలు కాలేదన్నారు కనుక చెబుతున్నాను, అసలు ఖర్చు ముందుంది. అందరూ రంగు డబ్బా ధరే అడుగుతారు. గుంటలు పూడ్చే లప్పం, రంగు కింద వేసే ప్రైమరు, 80 నుంచి 800 నంబరు దాకా ఎమరీ పేపర్లు, మాస్కింగ్ టేపు, స్ప్రే గన్ను కడగడానికి పోయే థిన్నర్ అన్నీ కలిపితే రంగు డబ్బాను దాటిపోతాయి. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే రంగయితే కలిపినంతా గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది కప్పులోనే రాయి అవుతుంది. అందుకే కొలిచి కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఆవిరిని గుడ్డ మాస్కు ఆపలేదు, తగిన మాస్కు ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి. వానాకాలంలో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగు కొట్టకండి. మన వైపు తేమకు అది ఎండుతూనే తెల్లగా మసకబారుతుంది, మళ్ళీ పేపరు పట్టాల్సిందే. చాసిస్‌కు మాత్రం గన్ను ఎందుకండి? సన్నటి ట్యూబుల మధ్య సగం రంగు గాలిలో కలుస్తుంది. ఎపాక్సీ ప్రైమరు బ్రష్షుతో రాసుకుంటే చాలు.

లెక్కల_మాస్టారు (రాజాం)

శాతం పనికిరాదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మొదటిసారి చేసేవారికి ఏ జాయింటు ఎన్నిసార్లు చెడుతుందో ముందే ఎలా తెలుస్తుంది? విడిభాగాల మొత్తంలో నాలుగో వంతు విడిగా పెట్టుకుని, జాయింట్ల లెక్కతో దాన్ని సరిచూసుకుంటూ పోవడం మంచిదని నా సలహా. ఈయనకు వచ్చిన 33,700 కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది.

ఎవరూ ప్రస్తావించని పద్దు ఒకటుంది. ఇంజను ఆయిల్, గేర్ ఆయిల్, ఇరుసు ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మొదటిసారి నింపాలి, ఎక్కడో కారుతుంది కనుక కొన్నిటిని రెండోసారీ నింపాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది: డాట్ 3 రకానికి తాజాగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీలైతే, తేమ పట్టాక 140. అందువల్ల మూత తీసిన పెద్ద డబ్బాను ఏడాదంతా దాచుకోవడం పొదుపు కాదు, చిన్న సీసాలు కొనండి. బ్రేక్ పైపుల దగ్గరి రాగి వాషర్లు, సస్పెన్షన్‌కు వేసే నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయండి. బోల్టు తల మీద దాని బలాన్ని తెలిపే 8.8 అన్న అంకె లేకపోతే సస్పెన్షన్ దగ్గరికి రానివ్వకండి. ఎమరీ పేపరు దగ్గర ఎంతైనా బేరమాడండి గాని ఇక్కడ వద్దు.

కొత్త_చాసిస్ (విజయనగరం)

అందరికీ ధన్యవాదాలు. నిన్న సిలిండరును పక్కనున్న బియ్యం కొట్టుకు మోసుకెళ్ళి, ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, ఫ్యాను ఆపి పది జాయింట్లు చేసి మళ్ళీ తూచాను. 300 గ్రాములు తగ్గింది. మిగిలినవి 46 జాయింట్లు, అంటే కిలోన్నర లోపే. సిలిండరులో ఇంకా నాలుగు కిలోలుంది, కాబట్టి ఈ వారం నింపించడానికి ఇచ్చిన ఆర్డరు రద్దు చేసుకున్నాను. సిలిండరు చూసి కొట్టు యజమాని కొంత భయపడ్డాడు గాని, రెండోసారి తూచేటప్పుడు అంకె తానే చదివాడు.