డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ తగ్గిస్తుంటే తలలో షాకులు, జబ్బు తిరగబెట్టిందా?

మా పాప పుట్టినప్పటి నుంచి ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వేసుకుంటున్నాను. డాక్టరుగారు 5కి తగ్గించి, ఇప్పుడు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. వేసుకోని రోజు తల పక్కకి తిప్పితే చాలు, లోపల కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటుంది. నిన్న బెంగళూరులో సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో పక్కనావిడ భుజం గట్టిగా పట్టేసుకున్నాను. ఆవిడ కన్నడంలో "ఏనాయ్తు?" (ఏమైంది?) అంటే ఏం చెప్పాలి! ఊరికే ఏడుపు కూడా వస్తోంది. అమ్మేమో "జబ్బు తిరగబెట్టింది, మాత్రలు మానకు" అంటోంది. నిజమేనా?

జవాబు: ఏడుపు సంగతేమో గానీ, ఆ షాకులు డిప్రెషన్ లక్షణం కాదండి. మోతాదు తగ్గించిన కొద్ది రోజులకే మొదలయ్యాయంటే చాలావరకు మందు తగ్గడం వల్లే. జబ్బు తిరగబెట్టడానికి మామూలుగా వారాలు, నెలలు పడుతుంది.

జవాబు: రోజు విడిచి రోజు అన్నదే అసలు తంటా. ఈ మందు సుమారు 30 గంటల్లో ఒంట్లో సగానికి పడిపోతుంది. అందుకే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. రోజూ వేసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించడమే నయం. పైగా 10 నుంచి 5కి దిగడం కన్నా 5 నుంచి సున్నాకి దిగడమే కష్టం. డాక్టర్‌ని మళ్ళీ కలిసి ఇంకా చిన్న మెట్లు అడగండి, సొంతంగా మార్చొద్దు.

జవాబు: అక్కా, షాకులు ఏ రోజు వచ్చాయో క్యాలెండర్ మీద రాసిపెట్టుకుని వెళ్ళండి, డాక్టర్‌కి సులువవుతుంది. రెండో అభిప్రాయం కావాలంటే హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.