సౌరశక్తి రంగంలో స్థిరపడాలంటే ఏ డిగ్రీ చదవాలి?

ప్రశ్న – పరకాల నుండి ఒక తండ్రి

నమస్కారం. మా అమ్మాయి హన్మకొండలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. నిరుడు మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు బిగించిన నాటి నుండి ఆ విద్యే నేర్చుకోవాలని పట్టుబట్టింది. ఒక ప్రైవేటు కళాశాల మనిషి ఇంటికి వచ్చి, సౌరశక్తి పేరుతోనే తమ దగ్గర కోర్సు ఉందని, వెంటనే అడ్వాన్సు కట్టమని ఒత్తిడి చేశాడు. పాఠ్యాంశాలు చూపమంటే మాత్రం మాట దాటవేశాడు. పత్తి సాగు మీద బతికే కుటుంబం మాది. నాలుగేళ్ల ఖర్చు వృథా కాకుండా ఏ దారి పట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – హన్మకొండ, ఎలక్ట్రికల్ అధ్యాపకుడు

అయ్యా, దయచేసి ఆ అడ్వాన్సు కట్టకండి. డిగ్రీ పేరులో సౌరశక్తి లేకపోయినా నష్టం లేదు. మీ డాబా మీది ఏర్పాటునే చూడండి: ప్యానెల్ నుండి వచ్చే, ఒకే దిశలో పారే డీసీ కరెంటును ఇన్వర్టర్ ఇంట్లో వాడే ఏసీగా మారుస్తుంది, అది మీటరు ద్వారా లైనులో కలుస్తుంది. ప్యానెల్ తరువాత ఉన్నదంతా ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) విద్యార్థి చదివే పవర్ ఎలక్ట్రానిక్స్, పవర్ సిస్టమ్స్ విషయమే. కాబట్టి బి.టెక్. ఈఈఈ తీసుకుని, ఐచ్ఛిక సబ్జెక్టులుగా పునరుత్పాదక ఇంధనాలను, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా సోలార్‌ను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. రేపు ఈ రంగంలో నియామకాలు మందగించినా విద్యుత్ సంస్థల ఉద్యోగాలకు, ఎం.టెక్. ప్రవేశానికి రాసే గేట్‌కు అదే డిగ్రీ పనికొస్తుంది.

1959లో రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన మన వరంగల్ నిట్‌లో ఈఈఈ ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో చేరవచ్చు, సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే. అక్కడ రాకపోతే ఎప్‌సెట్ కన్వీనర్ కోటాలో మంచి కళాశాల చూడండి. ఎనర్జీ ఇంజనీరింగ్ పేరుతోనే బి.టెక్. కావాలంటే బొంబాయి, ఢిల్లీ ఐఐటీలలో ఉంది, కానీ దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ దాటాలి. ప్యానెల్‌లోని సిలికాన్ సెల్ తయారీ మీదే తనకు మక్కువైతే దారి వేరు: భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ., ఆపైన పరిశోధన.

జవాబు – గోదావరిఖని, సోలార్ ప్లాంట్ల నిర్వహణలో ఇంజనీరు

అధ్యాపకుల మాటకు మా దగ్గరి ఉదాహరణ ఒకటి చేరుస్తాను. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022 జూలై 1 నుండి పూర్తి స్థాయిలో నడుస్తున్న 100 మెగావాట్ల తేలియాడే కేంద్రం ఒక్కొక్కటి 2.5 మెగావాట్ల చొప్పున 40 బ్లాకులుగా ఉంటుంది. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్ కూడా ప్రతి బ్లాకులోనూ నీటి మీద తేలే వేదికపైనే ఉంటాయి. అక్కడి నుండి కరెంటు 33 కిలోవోల్టుల కేబుళ్ల ద్వారా బయటకు వెళుతుంది. ఆ వేదికలను నీటి అడుగున ఉన్న బరువులకు కట్టి నిలపడం మాత్రం సివిల్, మెకానికల్ వారి పని. అందువల్ల ఆ శాఖల వారికీ ఈ రంగంలో చోటుంది.

జవాబు – మంచిర్యాల, డిప్లొమా చదివి వచ్చినవాడిని

పదో తరగతి పిల్లలు ఎవరైనా చదువుతుంటే వారికి: పాలిసెట్ రాసి డిప్లొమా ఈఈఈ చేస్తే, ఈసెట్‌తో నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. త్వరగా పనిలో దిగాలనుకునేవారికి ఐటీఐలో ఏడాది సోలార్ టెక్నీషియన్ ట్రేడ్ ఉంది.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. అడ్వాన్సు కట్టడం లేదు. మా అమ్మాయి మీ అందరి జవాబులు చదివి ఒక సందేహం అడగమంది: ఏప్రిల్, మే నెలల్లో ఎండ అంత తీవ్రంగా ఉన్నా 3 కిలోవాట్లు పూర్తిగా ఎందుకు రావడం లేదు?

జవాబు – గోదావరిఖని, సోలార్ ప్లాంట్ల నిర్వహణలో ఇంజనీరు

చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసే సామర్థ్యం సెల్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు కొలిచినది. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.35 నుండి 0.4 శాతం తగ్గుతుంది. మన వేసవి మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరితే 40 డిగ్రీల తేడాకు 14 నుండి 16 శాతం పోతుంది, అంటే మీ 3 కిలోవాట్లలో దాదాపు 450 వాట్లు. దుమ్ము వల్ల పోయేది దీనికి అదనం. ప్యానెళ్లకు, డాబాకు మధ్య గాలి ఆడే ఖాళీ ఎంత ఉందో ముందుగా కొలిచి రాయి, తరువాత మాట్లాడుకుందాం.