పార్టిషన్‌కి "విభజన" అందామా, "అర" అందామా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఇక్కడి మన పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. పాత లాప్‌టాప్‌లలో విండోస్ బదులు లినక్స్ అనే సిస్టమ్ వేసుకునేవాళ్ళ కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తుంటే "పార్టిషన్" దగ్గర కలం ఆగింది. డిస్కుని ముక్కలు చేసుకుంటే ఒక్కో ముక్కనీ అలా అంటారు. "విభజన" అనేది పని పేరు, ఆ పని వల్ల వచ్చిన ముక్క పేరు కాదు. "వాటా" అంటే అన్నదమ్ముల పంపకాలే గుర్తొస్తాయి. బీరువాకి ఉన్నట్టు "అర" అంటే ఎలా ఉంటుంది? గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి, జనం నోట లేని మాట కాగితానికెక్కించడానికి మనసొప్పడం లేదు.

రాయగడ నుంచి: మాస్టారూ, "పార్టిషన్" అనే ఉంచండి. తెర మీద కనిపించేది అదే. "అర" కోసం వెతికితే పిల్లాడికి ఏ బటన్ దొరుకుతుంది?

జవాబు: నిజమేనమ్మా, తెర మీది మాట మార్చను. మొదటిసారి "పార్టిషన్, అంటే అర" అని రాసి ముందుకెళ్తాను. నా పట్టుదలంతా సైజుల కోసమే. డిస్కుని మూడు వాటాలు చెయ్యమని ఎవరో చెబితే, ఒక డిగ్రీ కుర్రాడు రూట్, స్వాప్, హోమ్ అని మూడు సమాన ముక్కలు చేసుకున్నాడు. వాటాలంటే సమానంగానే కదా వేస్తాం! స్వాప్‌కి పోయిన చోటంతా దండగ. అదే "అర" అనుంటే, ఇందులో ఏం పెడతాం అని ముందు అడిగేవాడు.

రూట్‌లో సిస్టమ్, ప్రోగ్రాములు ఉంటాయి. మామూలు వాడకానికి 40 నుంచి 50 జీబీ ఇస్తే ఇబ్బంది ఉండదు. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు. 8 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌కి 2 నుంచి 4 జీబీ చాలు, హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో దాచి మిషన్ ఆపడం) కావాలంటే మాత్రం ర్యామ్‌కి తగ్గకూడదు. మిషన్ ఆన్ చెయ్యగానే సిస్టమ్ మొదలవడానికి (బూట్ అవడానికి) కావలసిన ఫైళ్ళుండే ఈఎఫ్ఐ అన్న అరకి 512 ఎంబీ. మిగిలిందంతా హోమ్‌కే. ఫొటోలు, పాటలు, ప్రాజెక్టు ఫైళ్ళు అక్కడే ఉంటాయి. రేపు సిస్టమ్ మళ్ళీ వేసుకున్నా, ఆ అరని ఫార్మాట్ చెయ్యకపోతే ఎక్కడివక్కడే ఉంటాయి.

సిరొంచ నుంచి: అన్నగారూ, అసలు ఇన్ని అరలెందుకు? కొత్తవాళ్ళకి ఈఎఫ్ఐ కాక ఒక్క రూట్ చాలు. ఉబుంటు అనే లినక్స్ రకం 17.04 వెర్షన్ నుంచి స్వాప్‌ని ఫైలుగానే పెడుతోంది. వేరు చేసుకున్నా, చాలకపోతే తర్వాత పెంచుకోవచ్చు కదా.

జవాబు: ఒక్క రూట్‌తో సరిపెట్టుకునేవాళ్ళు అలాగే చేసుకోవచ్చు, అదీ రాస్తాను. "తర్వాత పెంచుకోవచ్చు" అని మాత్రం అంత తేలిగ్గా రాయలేను తమ్ముడూ. రూట్ పెరగాలంటే దాని పక్కనే ఖాళీ ఉండాలి. అక్కడ సాధారణంగా హోమ్ ఉంటుంది. లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) నుంచి బూట్ చేసి, ముందు హోమ్‌ని కుదించి, దాని మొదలుని డిస్కు చివరి వైపుకి జరపాలి. ఫైళ్ళు ఎక్కువుంటే గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయిందా, ఫైళ్ళకే ఎసరు. బ్యాకప్ లేకుండా ఆ పనికి దిగొద్దని పెద్దక్షరాల్లో పెడతాను.

రాయగడ నుంచి: "అర" నాకూ నచ్చుతోంది మాస్టారూ. కానీ అర అంటే సగం కూడా కదా. ఈఎఫ్ఐకి ఇచ్చేదేమో సరిగ్గా అర జీబీ!

జవాబు: మంచి మాట పట్టుకున్నావమ్మా. బీరువా అర అన్నప్పుడు ఎవరూ సగం అనుకోరు గానీ, అంకె పక్కన పడితే తికమకే. కాబట్టి కరపత్రంలో ఎక్కడా "అర జీబీ" అనను, 512 ఎంబీ అనే రాస్తాను. "రూట్ అర 40 జీబీ" అని కూడా వద్దు, "రూట్ అన్న అరకి 40 జీబీ" అని విడదీసి రాస్తాను.