సిచువాన్‌లోని వైద్య విశ్వవిద్యాలయంలో అధ్యాపక ఉద్యోగం: ఒప్పుకునే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

గౌతమి (ప్రశ్న):

నమస్కారం. నేను ఒక వైద్య కళాశాలలో ఫిజియాలజీ బోధిస్తున్నాను. పీహెచ్‌డీ ఉంది, బోధనలో తగినంత అనుభవం కూడా ఉంది. చైనాలోని సిచువాన్ ప్రావిన్స్‌లో, చెంగ్‌దూ నుంచి రైలులో వెళ్లదగిన ఒక నగరంలోని వైద్య విశ్వవిద్యాలయం, విదేశీ విద్యార్థుల ఇంగ్లిష్ మాధ్యమ ఎంబీబీఎస్ తరగతులకు నన్ను తీసుకుంటామని రాసింది. ఏడాది కాంట్రాక్టు, క్యాంపస్‌లో ఇల్లు, ఏడాదికి ఒకసారి విమాన ఛార్జీ ఇస్తామంటున్నారు. మధ్యవర్తిగా ఉన్న ఏజెంటు మాత్రం, వర్క్ పర్మిట్ ఆలస్యమవుతుంది కాబట్టి ముందు బిజినెస్ వీసాపై వచ్చి చేరిపోవాలని, మిగిలినవి అక్కడికి వచ్చాక చూసుకోవచ్చునని చెబుతున్నాడు. ఇది సబబేనా? రాజధానికి, పెద్ద నగరాలకు దూరంగా ఉండే ఇటువంటి విశ్వవిద్యాలయాలలో బోధన ఎలా ఉంటుందో, అధ్యాపకుల నుంచి వాళ్లు ఏమి ఆశిస్తారో అక్కడ పనిచేసినవారు చెబితే మేలు. మా వారు, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా వెంట రావాలన్నది మా ఆలోచన.

తూర్పుగాలి:

గౌతమి గారూ, ఏజెంటు చెప్పిన దారిలో మాత్రం వెళ్లకండి. చైనాలో ఉద్యోగం చేయడానికి ముందుగా విశ్వవిద్యాలయమే మీ పేరున వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ పత్రం తెప్పించాలి. దాన్ని చూపించి మీరు ఇక్కడే జెడ్ వీసా (ఉద్యోగ వీసా) తీసుకోవాలి. అక్కడికి చేరిన 30 రోజులలోపు స్థానిక పోలీసు శాఖవారి ఎగ్జిట్-ఎంట్రీ కార్యాలయంలో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. బిజినెస్ వీసాపై వెళ్లి పాఠం చెబితే అది చట్టం దృష్టిలో అక్రమ ఉద్యోగమే. 2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఎగ్జిట్-ఎంట్రీ చట్టం ప్రకారం దానికి 5,000 నుంచి 20,000 యువాన్ల వరకు జరిమానా ఉంది, తీవ్రమైన సందర్భాలలో 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా ఉంది. ఆ జరిమానా పడేది మీ మీద; ఏజెంటు అప్పటికి తన కమీషన్ తీసుకుని ఉంటాడు.

మీరు ఇంగ్లిష్ భాష కాక ఫిజియాలజీ చెప్పబోతుండడం మీకు అనుకూలమైన విషయం. విదేశీ భాషా ఉపాధ్యాయులు తమ మాతృభాషనే బోధించాలన్నది అక్కడి నియమం కనుక, భారత పాస్‌పోర్టుతో ఇంగ్లిష్ టీచర్‌గా వర్క్ పర్మిట్ దొరకడం చాలా కష్టం. సబ్జెక్టు అధ్యాపకులకు ఆ అడ్డంకి లేదు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా విదేశీ ఉద్యోగులను ఏ, బీ, సీ అనే మూడు వర్గాలుగా చూస్తున్నారు. పాయింట్ల లెక్కన చూస్తే 85 లేదా ఆపైన వచ్చినవారు ‘ఏ’ వర్గంలోకి, 60 లేదా ఆపైన వచ్చినవారు ‘బీ’ వర్గంలోకి వస్తారు. పీహెచ్‌డీకి, అనుభవానికి, జీతానికి, చైనీస్ భాషా జ్ఞానానికి విడివిడిగా పాయింట్లు ఉంటాయి. మిమ్మల్ని ఈ మూడింటిలో ఏ వర్గం కింద, ఏ హోదాలో చూపిస్తున్నారో విశ్వవిద్యాలయాన్ని నేరుగా అడగండి. కాగితం మీద ఏ సంస్థ పేరు ఉంటుందో ఆ సంస్థలోనే పనిచేయాలి కాబట్టి, కాంట్రాక్టు ఏజెన్సీతో కాక విశ్వవిద్యాలయంతోనే జరగాలని పట్టుబట్టండి.

సర్టిఫికెట్ల విషయంలో చాలామంది తడబడతారు. చైనాలో అపోస్టిల్ ఒప్పందం (ఒక దేశపు పత్రాన్ని రాయబార కార్యాలయ ధ్రువీకరణ లేకుండానే మరో దేశం అంగీకరించే ఏర్పాటు) 2023 నవంబర్ 7 నుంచి అమల్లోకి వచ్చిందని చదివి, మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ఒక్కటే సరిపోతుందని అనుకుంటారు. రెండు దేశాలూ ఆ ఒప్పందంలో ఉన్నప్పటికీ, చైనా చేరికకు భారత్ అభ్యంతరం తెలిపినందువల్ల ఈ రెండింటి మధ్య అది వర్తించదు. అందుచేత డిగ్రీకి, పోలీసు క్లియరెన్సుకు, వివాహ ధ్రువపత్రానికి విదేశాంగ శాఖ అటెస్టేషన్ తరువాత చైనా రాయబార కార్యాలయ ధ్రువీకరణ కూడా పాత పద్ధతిలోనే చేయించుకోవాలి. దీనికి పట్టే కాలాన్ని ముందే లెక్కలో వేసుకోండి. సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టరుకు వేసవి చివర్లో ఈ పని ప్రారంభిస్తే అందుకోలేరు.

ఆఖరి బెంచీ:

కాగితాల సంగతి తూర్పుగాలి గారు వివరంగానే చెప్పారు కనుక నేను తరగతి గది గురించి రాస్తాను. మధ్య చైనాలోని ఒక ప్రావిన్స్‌లో విదేశీ విద్యార్థులకూ, చైనా విద్యార్థులకూ కూడా బయోకెమిస్ట్రీ చెప్పాను. రెండూ వేర్వేరు ఉద్యోగాలని అనుకుంటే మంచిది.

చైనా విద్యార్థులు సమయానికి వస్తారు, రాసుకుంటారు, కానీ నలుగురిలో ప్రశ్న అడగరు. వాళ్లు మౌనంగా ఉన్నంత మాత్రాన పాఠం అర్థం కాలేదనీ అనలేము, అర్థమైందనీ అనలేము. అసలు సందేహాలు ఆ రాత్రి వీచాట్ అనే మెసేజింగ్ యాప్‌లో వస్తాయి. ప్రతి తరగతికీ ఒక మానిటర్ ఉంటాడు. గది మారినా, పరీక్ష తేదీ మారినా అతనికి చెబితే క్షణాలలో అందరికీ చేరుతుంది. మొదటి సంవత్సరంవారికి ప్రవేశించిన వెంటనే సైనిక శిక్షణ ఉంటుంది కాబట్టి వాళ్ల పాఠాలు మిగతావారికంటే ఆలస్యంగా మొదలవుతాయి. విదేశీ విద్యార్థుల తరగతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఒకే గదిలో భారత్, పాకిస్తాన్, నేపాల్, ఆఫ్రికా దేశాలవారు కూర్చుంటారు. ప్రశ్నలకు కొదవ ఉండదు, హాజరుకు మాత్రం ఉంటుంది. వీరి అసలు ఇబ్బంది ఫిజియాలజీలో కాక, ఆ తరువాత వార్డులో రోగి మాట్లాడే చైనీస్‌ను, అందులోనూ సిచువాన్ మాండలికాన్ని అర్థం చేసుకోవడంలో ఎదురవుతుంది.

కొత్తగా వెళ్లినవారు ఊహించనిది పరీక్షల చుట్టూ ఉండే కాగితపు పని. సెమిస్టరు మొదట్లోనే ఏ వారం ఏ పాఠమో చూపే బోధనా క్యాలెండరు ఇవ్వాలి. చివరి పరీక్షకు సమాన స్థాయిలో ఏ, బీ అని రెండు ప్రశ్నపత్రాలు, రెండింటికీ జవాబులు, మార్కుల విభజనతో సహా ముందే అప్పగించాలి. ఏది ఇస్తారన్నది కార్యాలయం నిర్ణయిస్తుంది. సెమిస్టరు పొడవునా ఇచ్చే మార్కులకు, చివరి పరీక్షకు మధ్య నిష్పత్తి ముందే నమోదై ఉంటుంది, దాన్ని మధ్యలో మార్చడం కుదరదు. ఉత్తీర్ణతకు 60 మార్కులు. తప్పినవారికి మరుసటి సెమిస్టరులో మళ్లీ పరీక్ష పెట్టాలి. దిద్దిన జవాబు పత్రాలను, మార్కుల విశ్లేషణతో కలిపి నిర్ణీత పద్ధతిలో కుట్టించి భద్రపరచాలి. ఎప్పుడైనా తనిఖీ జరిగితే మొదట చూసేది ఆ కట్టలనే. వీటితోపాటు, పదవీవిరమణ చేసిన సీనియర్ ఆచార్యులు చెప్పకుండా వచ్చి చివరి వరుసలో కూర్చుని మీ పాఠం విని నివేదిక రాస్తారు. మొదట్లో చిరాకు కలిగినా, నాకు అందిన మంచి సూచనలలో కొన్ని వాళ్ల నుంచే వచ్చాయి.

ఒక చిన్న హెచ్చరిక. ఎత్తైన ప్రదేశాల శ్వాసక్రియ గురించో, గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు) గురించో చెప్పేటప్పుడు స్లయిడ్లలో హిమాలయ ప్రాంతపు మ్యాపులు పెట్టకండి. సరిహద్దు గీత మన మ్యాపులో ఒకలా, వాళ్ల మ్యాపులో మరొకలా ఉంటుంది. ఫిజియాలజీ పాఠానికి ఆ తగువు అవసరం లేదు.

నిదానం:

నేను కొంచెం భిన్నంగా చెబుతాను. గౌతమి గారు అడగవలసిన మొదటి ప్రశ్న వీసా గురించి కాదు, ఈ ఏడాది ఆ కోర్సులో ఎంతమంది చేరుతున్నారన్నది. ఇంగ్లిష్ మాధ్యమ ఎంబీబీఎస్ నడపడానికి చైనా విద్యాశాఖ అనుమతించిన విశ్వవిద్యాలయాల జాబితా వేరే ఉంది. మీ విశ్వవిద్యాలయం అందులో ఉందో లేదో చూడండి. ఉన్నా కూడా, విదేశీ విద్యార్థుల ఫీజుల మీద నిలిచిన ఉద్యోగం వాళ్ల రాకపోకలతోపాటు ఊగుతుంది. 2020 మార్చిలో సరిహద్దులు మూసిన తరువాత రెండేళ్లకు పైగా విద్యార్థులు వెనక్కి వెళ్లలేకపోయారు. 2021 నవంబరులో మన జాతీయ వైద్య కమిషన్ విదేశీ వైద్య పట్టాలకు 54 నెలల కోర్సు, 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసిన తరువాత తల్లిదండ్రులు చైనా విషయంలో ఆచితూచి అడుగు వేస్తున్నారు. తరగతి పలచబడితే కాంట్రాక్టు పొడిగించరు, అంతే. చైనా విద్యార్థుల తరగతులలో కూడా మీకు కొంత భాగం ఇస్తామని రాసి ఇవ్వమనండి.

గౌతమి:

అందరికీ కృతజ్ఞతలు. బిజినెస్ వీసాపై రానని ఏజెంటుకు రాసేశాను. విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యాలయంతో ఇకపై నేనే నేరుగా మాట్లాడతాను. కుటుంబం గురించి, జీతంలో కోతల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

తూర్పుగాలి:

మీ వారికి, అమ్మాయికి ఎస్-1 వీసా ఉంటుంది; దానిపై వచ్చి వాళ్లు కూడా రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి. అయితే దానితో మీ వారు అక్కడ ఏ ఉద్యోగమూ చేయకూడదు. పర్మిట్ల కోసం పాస్‌పోర్టులు పోలీసు కార్యాలయంలో కొన్నాళ్లు ఉండిపోతాయి. బదులుగా ఇచ్చే రసీదును జాగ్రత్తగా ఉంచుకోండి.

జీతంలో నెలకు 5,000 యువాన్లు మినహాయించి, మిగిలినదానిపై 3 శాతం నుంచి శ్లాబుల వారీగా పన్ను పడుతుంది. సామాజిక బీమా కోత వేరు. ఇంటికి డబ్బు పంపాలంటే బ్యాంకు వాళ్లు కాంట్రాక్టును, పన్ను కట్టిన రుజువును అడుగుతారు కనుక పన్ను రసీదులు ప్రతి నెలా దాచుకోండి. కాంట్రాక్టు 10 నెలలకా, 12 నెలలకా అన్నది తప్పక చూడండి. చాంద్రమాన సంవత్సరాది సెలవులకు, జూలై, ఆగస్టు నెలలకు జీతం వస్తుందా రాదా అన్నది ఆ ఒక్క అంకెపై ఆధారపడి ఉంటుంది.

ఇల్లు ఉచితమే అయినా, సిచువాన్ దక్షిణాదిలోకి వస్తుంది కాబట్టి ఉత్తర చైనాలోలా ప్రభుత్వ హీటింగ్ ఉండదు. చలికాలం తేమతో ఎముకలు కొరుకుతుంది; ఇంట్లో వేడినిచ్చే ఏసీ పనిచేస్తోందో లేదో అడగండి.

నాకు ఎక్కువ సందేహం మీ అమ్మాయి చదువు దగ్గరే. అంతర్జాతీయ పాఠశాలలు చెంగ్‌దూలో ఉన్నాయి కానీ వాటి ఫీజులు ఇటువంటి జీతానికి అందవు, పైగా రోజూ వెళ్లి వచ్చే దూరమూ కాదు. స్థానిక ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకుంటారు గానీ చదువంతా చైనీస్‌లోనే సాగుతుంది. నాలుగో తరగతి వయసులో అక్షరాలు మొదటి నుంచి నేర్చుకుంటూ లెక్కలు, సైన్సు అందుకోవడం తేలిక కాదు. మొదటి సెమిస్టరుకు మీరొక్కరే వెళ్లి, అక్కడి పాఠశాలను స్వయంగా చూసి, కోర్సులో విద్యార్థుల చేరికలు ఎలా ఉన్నాయో తెలిశాక ఫిబ్రవరిలో వాళ్లను రప్పించుకునే వీలుందేమో ఆలోచించండి. ఆ పాఠశాలలో రెండో సెమిస్టరు కూడా అప్పుడే మొదలవుతుంది.