‘ట్టి’యా, ‘ట్టు’నా? క్రాష్‌లూప్ ఆటవెలది

పాడ్‌వాసి: “చచ్చినట్టి లాగు చదువు ముందు”. క్యూబర్నెటీస్ (కంటెయినర్లలో ప్రోగ్రాములను నడిపించే వ్యవస్థ) ఇంటర్వ్యూల కోసం, పాడ్‌లోని (కంటెయినర్లుండే గూడు) కంటెయినర్ మళ్లీ మళ్లీ చచ్చి లేచే క్రాష్‌లూప్ మీద కట్టిన ఆటవెలది, ఈ పాదమే గుర్తుంది. పై పాదం ఎవరికైనా తెలుసా?

యతిప్రియ: అది ‘చచ్చినట్టు’ కాదూ? ‘చచ్చినట్టు చదువు’ అనేదే నుడికారం. గణాలు రెంటికీ సరిపోతాయి.

పాడ్‌వాసి: గణాలు సరే, జవాబు తప్పుతుంది. కంటెయినర్ మళ్లీ లేచాక లాగు (ప్రోగ్రాం నడుస్తూ రాసుకున్న వరుసలు) చూపే ‘క్యూబ్‌సీటీఎల్ లాగ్స్’ ఆదేశాన్ని ఉత్తగా కొడితే కొత్తదాని మొదటి వరుసలే వస్తాయి. చచ్చినదాని లాగు కావాలంటే ‘డ్యాష్ డ్యాష్ ప్రీవియస్’ తగిలించాలి. ఆ ప్రీవియస్సే ఈ ‘ట్టి’.

పాత పంతులు: లాగేమిటండీ, నిక్కరా? ‘చిట్టా’ అనరాదూ?

యతిప్రియ: రెండూ గురువులే మాస్టారూ, సూర్యగణం కాదు. ‘విశ్వదాభిరామ వినురవేమ’ నడక ఉన్నదున్నట్టు దిగిందిక్కడ: మూడు హగణాలు, ఒక నగణం, మళ్లీ హగణం. వేమన అయితే వాడుక పలుకుబడిని వదిలేవాడా? నా ఓటు ‘ట్టు’కే.

నల్లతెర: పై పాదం ఇదేమో: “నూట ముప్పదేడు నొక్కి చెప్పినపుడు”. యతి నూ–నొ.

పాడ్‌వాసి: యతి కుదిరింది, సంగతి కుదరలేదన్నా. 137 అనే ఎగ్జిట్ కోడు (ప్రోగ్రాం ఆగిపోతూ వదిలే అంకె) అంటే 128కి 9 కలిపినది; 9 అంటే సిగ్‌కిల్, బలవంతంగా చంపే సంకేతం. లాగు సగంలో తెగిపోతుంది, చావుకు కారణం అందులో ఉండదు. ముందు ‘డిస్క్రైబ్ పాడ్’లో లాస్ట్ స్టేట్ చూడాలి. ఓఓఎమ్‌కిల్డ్ అని ఉంటే మెమరీ లిమిట్ గొడవ. లేదంటే లైవ్‌నెస్ ప్రోబ్‌ని అనుమానించాలి: డిఫాల్టుగా 10 సెకన్లకోసారి ‘బతికున్నావా’ అని అడుగుతుంది, వరసగా 3 సార్లు తప్పితే సిగ్‌టెర్మ్ (దిగిపొమ్మనే సంకేతం), 30 సెకన్లలో దిగకపోతే అదే 137. నిదానంగా లేచే జావా అప్లికేషన్లకు, అవి లేచేదాకా లైవ్‌నెస్‌ని ఆపి ఉంచే స్టార్టప్ ప్రోబ్ పెట్టేది అందుకే. 137 అనగానే ‘మెమరీ’ అనేసేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

నల్లతెర: అయితే “ఒకటి కోడు వచ్చి ఊపిరాగినపుడు”. 1తో పోయిందంటే సాధారణంగా అప్లికేషనే ఏడ్చి చచ్చింది, ఆ ఏడుపంతా లాగులోనే ఉంటుంది.

పాత పంతులు: ‘వచ్చి యూపిరాగినపుడు’ అనాలి. క్త్వార్థక ఇకారానికి (‘వచ్చి’ వంటి మాటల చివరి ‘ఇ’కి) సంధి లేదు, యడాగమం వస్తుంది.

యతిప్రియ: ‘లాగు’, ‘కోడు’ ఉన్న పద్యానికి యడాగమం కూడానా!

నల్లతెర: అదలా ఉంచండి, ‘ముందు’ అంటే దేనికి ముందు? పాడ్ డిలీట్ కొట్టకముందు అని నా పట్టు. కొట్టాక ప్రీవియస్ కూడా దొరకదు.

పాడ్‌వాసి: కాదు, ఎగ్జెక్ (నడుస్తున్న కంటెయినర్ లోపల ఆదేశం నడపడం) కొట్టకముందు. 10, 20, 40 సెకన్లు అంటూ 5 నిమిషాల దాకా పెరిగే బ్యాకాఫ్‌లో (మళ్లీ లేపేముందు ఆగే విరామంలో) లోపల నడిచేదేమీ ఉండదు, ఎగ్జెక్ దేనికి తగులుకుంటుంది?