చిన్న ఇన్‌బోర్డ్ బోటుకి వైరింగు మార్చడం, బాండింగు వేయడం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కాకినాడ_బోటు
అందరికీ నమస్కారం. మాది 24 అడుగుల ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజను, 12 వోల్టుల బ్యాటరీ. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, ఒడ్డుకి లాగి చూశాం. షాఫ్టు మీద జింకు (మిగతా లోహాల బదులు తాను కరిగి వాటిని కాపాడే ముక్క) పెట్టి మూడు నెలలే, సగం కూడా మిగల్లేదు. ప్రొపెల్లరు రెక్కల అంచులు గులాబీ రంగుకి తిరిగాయి. లోపల ఉన్నది ఇళ్లకి వేసే వైరు, చివర్లన్నీ నల్లబడ్డాయి. మొత్తం పీకేసి కొత్తది వేద్దామనుకుంటున్నా. బాండింగు వైరు (నీళ్లు తగిలే లోహపు భాగాలన్నిటినీ కలిపే తీగ) వేయాలా వద్దా అన్నదే తేలట్లేదు. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

హార్బర్_వైర్‌మన్ (విశాఖ)
తమ్ముడూ, గులాబీ రంగంటే లోహంలోని జింకు కరిగిపోయి రాగి మాత్రం స్పంజిలా మిగిలిందని. ప్రొపెల్లర్లకి వాడే మాంగనీస్ బ్రాంజు పేరుకే బ్రాంజు, అందులో దాదాపు 40 శాతం జింకే. చిన్న సుత్తితో రెక్కని తట్టండి. ఖంగుమనకుండా మొద్దుగా మోగితే దాన్ని నమ్ముకుని సముద్రంలోకి వెళ్లొద్దు.

వైరు పీకే ముందు లీకేజీ చూడండి. అన్ని స్విచ్చులూ ఆపేసి, బ్యాటరీ ప్లస్ తీగ ఊడదీసి, తీగకీ ప్లస్సుకీ మధ్య మల్టీమీటరుని ఆంపియర్లలో పెట్టండి. అప్పుడు సెల్ఫు మాత్రం కొట్టకండి, మీటరు కాలిపోతుంది. అన్నీ ఆపినా కరెంటు పోతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. నేను చూసినంతలో ఎక్కువసార్లు బిల్జి పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) ఫ్లోటు స్విచ్చు జాయింటు దగ్గరే దొరుకుతుంది. టేపు చుట్టిన ఆ జాయింటు మురికినీళ్లలో నానుతుంటుంది. అక్కడి నుంచి ప్లస్ కరెంటు షాఫ్టుకి పాకి, షాఫ్టు నుంచి సముద్రంలోకి దిగుతుంది. లోహం నుంచి నీళ్లలోకి కరెంటు ఎక్కడ దిగితే అక్కడ లోహం కరుగుతుంది. ఇలాంటి లీకు ముందు ఎన్ని జింకులు కట్టినా నిలవవు.

గోదావరి_చెక్కపడవ
మాది చెక్క పడవ, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉప్పునీళ్లలో తిరుగుతుంది. ఎవరో చెప్పారని కనిపించిన ప్రతి ఇత్తడి ముక్కనీ తీగతో కలిపి జింకులు ఎక్కువగా కట్టాను. రెండేళ్లకి బోల్టుల చుట్టూ చెక్క తెల్లగా, పీచులా మెత్తబడింది. జింకు ఎక్కువైతే అది కాపాడే లోహం దగ్గర క్షారం పుడుతుందట, అదే చెక్కని తినేసింది. ఆ పలకలు మార్చాల్సి వచ్చింది, ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చెక్క పడవలవాళ్లు దయచేసి తొందరపడకండి. ఇంకోటి, మంచినీళ్లలో జింకు సరిగా పనిచేయదు, మెగ్నీషియం వాడాలి. అదే మెగ్నీషియం ఉప్పునీళ్లలో ఇట్టే కరిగిపోతుంది.

టాంపా_తెలుగు
అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ లెక్క ప్రకారం బాండింగు తీగ కనీసం 8 గేజి, అంటే మన లెక్కలో దాదాపు 8.4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు). రంగు ఆకుపచ్చ. నాది పెట్రోల్ ఇంజను, కాబట్టి ఆ గదిలో నిప్పురవ్వ బయటికి రాని సామానే పెట్టాలి, స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలు బ్లోయరు నడపాలి. జెట్టీ కరెంటు తగిలించేవాళ్లు గాల్వనిక్ ఐసోలేటరు (జెట్టీ ఎర్తు తీగ గుండా పారే చిన్న కరెంటుని ఆపేది) పెట్టుకోండి. లేకపోతే పక్క బోటుని కూడా మీ జింకే కాపాడుతూ కూర్చుంటుంది.

కాకినాడ_బోటు
వైర్‌మన్ అన్నా, మీరు చెప్పింది చెప్పినట్టే! అన్నీ ఆపినా 0.4 ఆంపియర్లు పోతోంది. ఫ్లోటు స్విచ్చు తీగ పీకగానే సున్నా. పైగా పాత వైరింగు చేసినాయన పంపు మైనస్‌ని బాండింగు తీగకే కలిపాడు.

హార్బర్_వైర్‌మన్ (విశాఖ)
అదే అసలు తప్పు. బాండింగు తీగ కరెంటు మోసేందుకు కాదు. ప్రతి సామానుకీ సొంత మైనస్ తీగ వేసి మైనస్ బార్ (మైనస్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీ) దాకా తేవాలి. బాండింగు దాన్ని ఒక్క చోటే కలవాలి. మీది ఫైబర్ కాబట్టి బాండింగు వేయొచ్చు. ఇంజను, షాఫ్టు, చుక్కాని, నీళ్లు తీసుకునే వాల్వు, జింకు కలపండి. తిరిగే షాఫ్టుకి ఆనుకుని కరెంటు అందించే బ్రష్ పెట్టండి. గేరుబాక్సు నూనె పొర మీదుగా కరెంటు సరిగా వెళ్లదు. కప్లింగు రబ్బరుదైతే అసలే వెళ్లదు.

వైరు తగరం పూత ఉన్నదే కొనండి. పంపు 5 ఆంపియర్లు తీస్తుంది, దూరం 8 మీటర్లు అనుకుందాం. పోనూ రానూ 16. 2.5 స్క్వేర్‌తో అర వోల్టు పైగా పోతుంది, 4 స్క్వేర్‌తో 0.35. కాబట్టి 4 వేయండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. లగ్గులు క్రింపు చేసి, లోపల జిగురున్న ష్రింకు గొట్టం ఎక్కించండి. ఫ్లోటు జాయింటుని నీళ్లు అందనంత పైకి తీసుకెళ్లండి. జింకు మీద పెయింటు పడనివ్వకండి.

కాకినాడ_బోటు
జూన్ 15న నీళ్లలోకి దింపాం. కొత్త ప్రొపెల్లరు పెట్టించాను, ఖర్చు గట్టిగానే అయ్యింది. నీళ్లలో ముంచి లోహం వోల్టేజి కొలిచే సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడు అరువు తెచ్చి చూశా. జింకు కలపకముందు ప్రొపెల్లరు మైనస్ 290 మిల్లీవోల్టులు, కలిపాక మైనస్ 520. చుక్కాని మాత్రం మైనస్ 310 దగ్గరే ఆగింది.

హార్బర్_వైర్‌మన్ (విశాఖ)
కనీసం 200 తేడా రావాలి, ప్రొపెల్లరుకి వచ్చింది. చుక్కానికి తీగ తగల్లేదు. లగ్గు కింద పెయింటు గీకారా?

కాకినాడ_బోటు
గీకలేదన్నా. ఇప్పుడే దిగుతున్నా.