‘కౌలు’ అసలు అర్థం మాటే

మిత్రులకు నమస్కారం. రాజోలు దగ్గర మా ఊళ్లో పొద్దున్న లేస్తే చెవిన పడే పదం ‘కౌలు’. ఆ చేను ఎవరిదని అడిగితే ముందు పొలం సొంతదారైన ఆసామి పేరు చెప్పి, వెంటనే ‘ఫలానాయన కౌలుకు చేస్తున్నాడు’ అంటారు. ఇది అరబ్బీ ‘ఖౌల్’. అక్కడ దాని అర్థం పలుకు, మాట. ఫారసీ వాడుకలో ‘ఇచ్చిన మాట’ అయి, కుతుబ్ షాహీల కాలపు దస్త్రాల వెంట మన దగ్గరికి వచ్చింది. ఖవ్వాలీ కూడా ఈ ధాతువులోంచి పుట్టినదే. మరాఠీవాళ్లు ఎన్నికల తీర్పును ‘జనతేచా కౌల్’ అంటారు. మనం మాత్రం ఆ పదాన్ని చేను, తోట, చెరువు దాటనివ్వలేదు.

కుంపిణీ కాలానికి వచ్చేసరికి కౌలు అంటే రాసి ఇచ్చిన కాగితం. బీడు భూమిని సాగులోకి తెచ్చేవాడికి మొదటి ఏళ్లలో తక్కువ శిస్తు, ఆపైన ఏటేటా పెంపు అని రాసిచ్చేవారు. ఊరు వదిలి పారిపోయిన రైతులను వెనక్కి రప్పించడానికి ఇచ్చే అభయపత్రం కూడా కౌలే. అంటే నోటిమాటకు పుట్టిన పేరు కాగితానికి చేరింది.

మొన్న సార్వా (తొలకరి పంట) కోతలయ్యాక కళ్లంలో నిలబడి చూశాను. మా కౌలురైతు 75 కిలోల బస్తాలు కట్టించి, మాకు రావలసినవి ఓ పక్కన వరుస పెట్టించాడు. నాన్నగారు చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ‘సార్వా, 25 బస్తాలు ముట్టినవి’ అని రాసుకున్నారు. సంతకం లేదు, సాక్షి లేదు. పదకొండేళ్లుగా రెండిళ్ల మధ్య ఉన్న దస్తావేజు అలాంటి వరుసలే. ఆ పుస్తకం కూడా మా జేబులోనే ఉంటుంది. కాగితం మళ్లీ మాట ఎలా అయింది? తెలిసినవారు చెప్పగలరా?

మొదటి వ్యాఖ్య:
ఇంత దూరం ఎందుకండీ? ‘కూలి’ నుంచే ‘కౌలు’ వచ్చి ఉండదా?

జవాబు:
లేదండీ. ‘కూలి’ మన సొంత మాటే, తమిళంలోనూ అదే ఉంది. అయితే అది చేసిన పనికి పుచ్చుకునేది. కౌలు అంటే, చేను చేసేవాడు ఇచ్చుకునేది. కౌలుకు మనకున్న పాత మాట ‘గుత్త’. కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై దాని చుట్టాలే. రాయలసీమలో పొలం గుత్తకు ఇవ్వడం ఇప్పటికీ వింటాం. మన వైపు గుత్త పొలంలోంచి బయటికి నడిచి గుత్తేదారు, గుత్తాధిపత్యం అయి కూర్చుంది. చేను కౌలుకు మిగిలింది.

రెండో వ్యాఖ్య:
బాబూ, భీమవరం నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు కరణం కావడం వల్ల ఈ కాగితాల మధ్యనే పెరిగాను. ఎస్టేటు (జమీందారీ) గ్రామాల్లో జమీందారు ఇచ్చే పట్టాకు ప్రతిగా రైతు రాసిచ్చే కాగితాన్ని ‘ముచ్చిలిక’ అనేవారు. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం దాకా ఆ మాట బతికింది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక దానితో పనిలేకుండా పోయింది. ఇప్పుడు మా మనవలకు ముచ్చిలిక అంటే పిట్ట పేరులా వినిపిస్తుంది.

కౌలు కథ వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువ నీటితో డెల్టా భూమి విలువ పెరిగింది, తర్వాత దాళ్వా (రెండో పంట) కూడా పండింది. చేతిలో డబ్బు ఆడిన ఆసాములు పిల్లలను చదివించారు. పిల్లలు పట్నాలు చేరారు. చేను చేసేవాడు ఒకడు, పాసుపుస్తకం ఉన్నవాడు ఇంకొకడు అయ్యారు. 1956 కౌలుదారీ చట్టం కౌలు రాతపూర్వకంగా ఉండాలనీ, కనీసం ఆరేళ్లు ఉండాలనీ చెప్పింది. పొలం అమ్మితే ముందుగా కొనుక్కునే హక్కు కూడా కౌలుదారుకు ఆ చట్టం ఇచ్చింది. కౌలుదారును కాపాడటానికి అడిగిన కాగితమే ఆసామికి భయమైంది. రాస్తే పొలం పోతుందన్నారు. అప్పటినుంచి కౌలు గట్టు మీద మాటగానే నడుస్తోంది. అన్నట్టు, హిందుస్తానీలో ‘అసామీ’ అంటే శిస్తు కట్టే సాగుదారు. మన దగ్గర ఆసామి శిస్తు పుచ్చుకునేవాడయ్యాడు. ఆ తిరకాసు మీద కూడా ఎవరైనా రాయాలి.

జవాబు:
అమ్మగారూ, పదేళ్లు తిరిగినా నాకు దొరకని జవాబు ఇచ్చారు. మీరు చెప్పాక చట్టాల పేర్లు మళ్లీ చూశాను. 2011లో వచ్చినది ‘భూ అధీకృత సాగుదారుల’ చట్టం. 2019లోది ‘పంట సాగుదారుల హక్కుల’ చట్టం. రెండింటి పేర్లలోనూ కౌలు లేదు! ఆసామి బెదరకుండా ఆ పదాన్ని పక్కన పెట్టారనే నా నమ్మకం. 2019 చట్టం కింద ఇచ్చే పత్రం పదకొండు నెలలే చెల్లుతుంది. దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం లేకపోతే గోదావరి పొంగి చేను మునిగినప్పుడు పరిహారం ఊళ్లో లేని ఆసామి ఖాతాలో పడుతుంది. విత్తనం, దమ్ము, ఎరువు, అప్పు మాత్రం కౌలురైతువే. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

క్రితం వేసవిలో మా కౌలురైతు ఆ పత్రం కోసం పెట్టుకునే దరఖాస్తు కాగితం పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నాన్నగారు రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టారు. కాగితం మీద అంతటా ‘సాగుదారు’ అనే ఉంది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, “కౌలు కార్డు వచ్చాక చూపిస్తానండి” అన్నాడు.